మా మరదలి చీటీలను ఆపిన కావలి

కంప్యూటర్ ముంగట కూసున్నోళ్లందరికీ తెలివి ఉంటదని ఎవలన్న అనుకుంటే అది తప్పు. నేను కూసున్న, నాకు ఏం తెలివి లేదు. మా భాయ్‌కి ఎడమ కంట్ల శుక్లం ఆపరేషన్ అయి నాలుగు రోజులే అయింది. స్క్రీన్ దిక్కు చూస్తే మళ్ల నా దగ్గరికి రావద్దని డాక్టర్ చెప్పి పంపిండు. ఆ పగటీలి ఆ దుకాణంల ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేదాన్ని నేనొక్కదాన్నే ఉన్న. గందుకు కూసున్న.

భాయ్ అంటే నా తోడబుట్టినోడు కాదు. సిద్దిపేటల పాత బస్టాండ్ దిక్కు జిరాక్స్ దుకాణం పెట్టుకున్న మనిషి. చిన్నప్పుడే గల్ఫ్ పోయిండు, అక్కడ కంప్యూటర్లు ఉండే పెద్ద సల్లటి అర్రలు ఊడ్సే పని. ఊడ్సుకుంట ఊడ్సుకుంట ఆ పెట్టెల పని నేర్చుకున్నడు. ఇరవై ఏండ్లు ఉండి, ఊడ్సే మనిషిగ పోయినోడు పెట్టెలు చూసుకునే మనిషిగ తిరిగొచ్చిండు. ఇప్పుడు జిరాక్స్ మిషన్ ఎనుక ఒక నల్లపెట్టె పెట్టి, బజార్ల దుకాణాలోళ్లకు, ట్యూషన్లోళ్లకు ఇంటర్‌నెట్ల పేజీలు నడిపిస్తడు. మా చీరల పేజీ కూడ అందులనే ఉంటది.

మావి ఆరు మగ్గాలు. ఐదు సిద్దిపేటల, ఒకటి చంద్లాపూర్ల. గొల్లభామ చీరలు నేస్తం. నెత్తి మీద కుండ పెట్టుకొని నడిచే భామ బొమ్మ, అంచు పొడుగునా వరసగ. కొనేటోళ్లు పేజీలకొచ్చి అడుగుతరు, గీ రంగు కావాలె, ఇన్ని భామలు కావాలె అని. ఆ చీర నేను నేస్తనని మగ్గమోళ్లు చీటీ పంపాలె. చీటీల ఏ వరసకు ఎన్ని పోగులు ఎత్తుతమో, ఎన్ని ఇడుస్తమో రాయాలె. ఎవలి చీటీ ముందొస్తే వాళ్లకు చీర. నూలు నేను పంపిస్త. చీటీ రాకపోతే ఆ చీర ఇంకో మగ్గం మీదికి పోతది. ఈ పద్ధతి పెట్టింది నేనే, ఎవలూ కొట్లాడుకోవద్దని. కొట్లాట దానితోటే వచ్చింది.

చంద్లాపూర్ మగ్గం మా మరదలిది, నా తమ్ముని భార్య. ఆ పొద్దు సాయంత్రం నాలుగింటికి ఆ మగ్గాన్ని ట్రాలీ ఆటోల ఎక్కిచ్చుకపోతున్నరని నాకు పొద్దుగాలనే తెలిసింది. రోడ్డు మీద కొత్తగ హోటల్ పెట్టినోళ్లు లోపట అలంకారానికి అడిగిన్రట. అన్నం తినేటోళ్లు దాని పక్కన నిలవడి ఫొటోలు దిగుతరట. ఇస్తనని మరదలు మాట ఇచ్చేసింది.

నేను ఫోన్ చేసి తిట్టిన. మా నాయిన చేతుల మీద కట్టిన మగ్గం అది, పెండ్లయి వచ్చిన కొత్తల్ల నీకు ఇచ్చినం, ఇడ్లీలు తినేటోళ్లకు చూపించేతందుకు కాదన్న. దానికి ఆమె వేరే మాట చెప్పింది. నెల రోజులసంది ప్రతి చీరకు చీటీ పంపుతనే ఉన్నదట. ఒక్కదానికి నూలు రాలేదట. ఇంట్ల ఉన్న నూలుతోటి నిలువు పోగులు, పడుగు, తోడి పెట్టుకొని గడప దిక్కు చూసుడే సరిపాయెనట.

"నీకు అక్షరాలొచ్చినయి, పెద్దమనిషివైనవు. నా గీతలు నీకు ఇప్పుడు కంటికి ఆనుతలేవు. ఆ ముక్క మొఖం మీద చెప్తే అయిపోవు గద వదినె" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట ఎందుకన్నదో చెప్పాలె, లేకపోతే మీకు అర్థం కాదు.

మా నాయినకు అక్షరం ముక్క రాదు. కానీ బొమ్మ లెక్క తప్పితే భామకు మూడు కాళ్లొస్తయి. గందుకు ఆయన మగ్గం పక్క గోడ మీద బొగ్గుతోటి గుర్తులు గీసేటోడు. రెండు అడ్డగీతలంటే రెండు పోగులు ఎత్తు. మీద చిన్న కొక్కెం పెడితే ఒకటి ఇడిసిపెట్టు. నక్షత్రం అంటే రంగు మార్చు. నేను అవే చూసి నేర్చుకున్న. మరదలు కొత్తగ వచ్చినప్పుడు ఆమెకు నేనే నేర్పిచ్చిన, మా గోడ మీదనే. ఫోన్లొచ్చినంక ఆమె ఫోన్ల గుర్తులుండే పేజీ తీసి, అవే గీతలు, అవే కొక్కేలు, అవే నక్షత్రాలు కొట్టి పంపేది. ముంగట చంద్లాపూర్ అన్న మాట మాత్రం పక్కింటి అమ్మాయి ఒకసారి ఫోన్ల పెట్టిచ్చింది, ప్రతి చీటీకి అదే వస్తది.

నేను యాభై దాటినంక కమ్యూనిటీ హాల్ల పెద్దోళ్ల బడికి పోయి తెలుగు నేర్చుకున్న. తర్వాత మనుమరాలి పుస్తకం ముంగట పెట్టుకొని ఇంగ్లీషు అక్షరాలు కూడ, పెద్దయి, చిన్నయి. మాటలు రావు, అక్షరాలే వస్తయి. నేర్చుకున్నంక నాకు కండ్లు నెత్తికెక్కినయి, దాచేదేముంది. "రెండు ఎత్తు, ఒకటి ఇడువు" అని చీటీల రాసి, మిగిలినోళ్లతోటి కూడ అట్లనే రాపిచ్చిన. మరదలొక్కతే గీతలల్ల ఉండిపోయింది. ఎప్పుడు కలిసినా, "నీకు ఎప్పుడొస్తయే అక్షరాలు, గోడలకు సున్నం ఏసేనాటికన్నా వస్తయా" అని నలుగుర్ల అన్న. ఆమె నవ్వేది. నవ్వుతున్నది కద అని నేను ఇంకోసారి అనేదాన్ని.

గిప్పుడు ఆమె పంపిన అంటున్నది, నాకు ఒక్కటి రాలే. పంపకుంటనే పంపిన అంటున్నదని నా మనసుల. అది పేజీల చూసి, ముఖం మీద చెప్పి, మగ్గం ఆపాలెనని భాయ్ దుకాణానికి పోయిన. అప్పటికి పన్నెండు దాటింది.

భాయ్ నల్ల అద్దాలు పెట్టుకొని, స్క్రీన్‌కు వీపు పెట్టి, ఒళ్లె కీబోర్డ్ పెట్టుకొని కూసున్నడు. ఎటు చూసి కొడుతున్నవని అడిగిన. ఏలు తప్పదు, కానీ జవాబు ఏమొచ్చిందో తెలుస్తలేదన్నడు. ఆయన భార్య, మా భాభీకి ఉర్దూ తప్ప చదువ రాదు. పొద్దటిసంది ఆమె ఒక్కో అక్షరాన్ని బొమ్మ లెక్క వర్ణించి చెప్పుతుంటే ఇద్దరికీ కొట్లాట అయి, ఆమె పోయి లోపట చాయ్ పెట్టుకుంట కూసున్నదట.

మరదలి చీటీలు చూడు భాయ్ అన్న. ఇప్పుడు ఏదీ చూడలేను, సర్వర్ ఆపి పెట్టిన, పని నడుమల ఉన్నదన్నడు. పనేందంటే, నెల కింద మా పేజీలకు ఎవలో చొరవడి చీరల జాగల ఏవో మందు గోలీల బొమ్మలు పెట్టిపోయిన్రు. అప్పుడు భాయ్ వెబ్ సర్వర్‌కు ఒక సెక్యూరిటీ మాడ్యూల్ తగిలిచ్చిండు. వెబ్ సర్వర్ అంటే దుకాణం కౌంటర్ లెక్క, అడిగినోళ్లకు అడిగిన పేజీ ఇస్తది. మాడ్యూల్ అంటే ఆ కౌంటర్ ముంగట నిలవెట్టిన కావలి. వచ్చిన ప్రతి మాటను తడిమి చూసి లోపటికి పంపుతది. గిప్పుడు ఆ కావలిలనే ఒక బొక్క ఉన్నదని, దాన్ని చేసినోళ్లే చెప్పిన్రట. మూసేటందుకు అతుకు కూడ పంపిన్రట. కానీ భాయ్ పెట్టెల ఉన్నది యూనిక్స్ రకం, అందులనూ పాతది. దానికి తయారు చేసిన సరుకు దొరకది. ఆ కావలిని చేసిన మూలం రాత తెచ్చుకొని, దానికి అతుకేసి, తానే కంపైల్ చేసుకోవాలె, అంటే పెట్టె నడిపేటట్టు మార్చుకోవాలె.

"అతుకేసేదాక సర్వర్ తెరువను. తెరిచేదాక నీ చీటీలు కనవడయి. జల్దీ కావాల్నంటే గీడ కూసో అక్కా, స్క్రీన్ మీద ఏమొస్తే అది సదువు" అన్నడు.

నాకు ఇంగ్లీషు మాటలు రావన్న. అక్షరాలు సదువు, మాటలు నేను కట్టుకుంట అన్నడు. అట్ల కూసున్న.

అతుకు అంటే నేనేదో మూటలు మూటలు ఉంటదనుకున్న. అది ఒక రెండు మూరల రాత. కొన్ని వరసల ముంగట తీసివేత గుర్తు, కొన్ని వరసల ముంగట కూడిక గుర్తు, కొన్నిటి ముంగట ఏం లేదు. గిదేందని అడిగిన. తీసివేత ఉన్న వరస పీకెయ్యాలె, కూడిక ఉన్న వరస పెట్టాలె, ఏం లేనివి పక్క వరసలు, జాగ గుర్తుపట్టేతందుకు అన్నడు. నాకు మస్తు సంబరమైంది. ఇది రఫూ పని కాదా? చిరిగిన చీర తెస్తే మేం చేసేది అదే. చెడిన పోగు లాగేస్తం, కొత్త పోగు ఎక్కిస్తం, మీది మూడు పోగులు, కింది మూడు పోగులు చూసి జాగ కలుపుతం. భాయ్‌తోటి అన్న, ఇంత చిన్న పనికి ఇరవై ఏండ్లు గల్ఫ్ ఉన్నవా అని. నువ్వు మగ్గం గుంతల యాభై ఏండ్లు ఉన్నవు కద, నేనేమన్న అన్ననా అన్నడు.

ఆయన ఒళ్లె టకటక కొట్టిండు. నేను సదివిన. "హెచ్, యు, ఎన్, కె. జాగ. రెండు. జాగ. ఎఫ్, ఏ, ఐ, ఎల్, ఈ, డి."

ఫెయిల్ అన్న మాట నాకు తెలుసు. పదో తరగతి పిల్లలున్న ఏ ఇంట్లనైనా తెలుసు. భాయ్ అయ్యో అని నెత్తి పట్టుకున్నడు. అతుకుల మొదటి ముక్క కూసున్నది, రెండో ముక్క కూసోలేదట. కూసోని ముక్కను పెట్టె పక్కకు తీసి ఒక ఫైల్ల పెట్టింది. అది తెరిపిచ్చి సదివిపిచ్చుకున్నడు, తర్వాత మూలం రాతల అదే జాగ సదివిపిచ్చుకున్నడు. ఒక్కో వరసకు నాకు ఐదు నిమిషాలు పట్టింది. భాయ్ నడుమ నడుమ "హౌ, హౌ" అని తలూపుతుండు, ఒక కాడ ఆగమన్నడు.

"మల్ల సదువు ఆ వరస."

సదివిన. ఆయన పండ్లు కొరుక్కున్నడు. ఆ వరస అందులది కాదట. నెల కింద కావలి పెట్టినప్పుడు, అది ఎవలెవల్ని పట్టుకుంటున్నదో ఇంకా సాఫుగ రాసిపెట్టాలెనని తానే సొంతంగ ఒక వరస ఇరికిచ్చిండట. ఇరికిచ్చి మరిచిపోయిండు. పక్క వరసలు కలవకపోయే వరకు అతుకుకు జాగ దొరకలే. అంటే రఫూ ఏసేటోడు వచ్చే వరకు, ఇంటోళ్లు ముందే సూది దారంతోటి కుట్టుకొని పెట్టిన్రన్నట్టు. నేను గట్టిగనే నవ్విన. భాభీ లోపటి నుంచే ఏమైందని అడిగింది. మీ ఆయన తన గుంత తానే తొవ్వుకున్నడని చెప్పిన. ఆమె గది రోజూ ఉన్నదే అన్నది, చాయ్ తెచ్చి పెట్టింది. కొట్లాట అట్ల ఒడిసింది.

ఆ రెండో ముక్కను చేతితోటే పెట్టినం. ఆయన కొట్టుడు, నేను సదువుడు. గడియారం ఒకటింబావు చూపిస్తుంది. చంద్లాపూర్ పోవాలంటే ఆటోల అరగంట. నేను గాబరపడితే ఒకటికి రెండు అక్షరాలు దాటేస్త. నెమ్మదిగనే సదివిన.

తర్వాత కంపైల్. ముందుగాల పెట్టె తనకు ఏమేం కావాలో ఒక్కొక్కటి ఎతుక్కున్నది. అది ఉన్నదా, ఉన్నది. ఇది ఉన్నదా, ఉన్నది. ప్రతి వరస చివర వై, ఈ, ఎస్. వంటకు కూసునే ముందు డబ్బాలు తీసి చూసుకున్నట్టు. ఒక కాడ ఎన్, ఓ వచ్చింది, ఆగిపోయింది. లైబ్రరీ అనే ఒక డబ్బా లేదట. అది తెచ్చి ఎక్కియ్యడానికి ఇంకో పావుగంట. తర్వాత అసలు పని మొదలైంది. అబ్బ, ఏమన్న ఉరుకుతదా. వరస ఎనుక వరస, పడుగు తోడేటప్పుడు పోగు ఉరికినట్టే ఉరికింది. సదువ రాదు, ఆపరాదు. నడుమల ఊదా రంగుల డబ్ల్యు తోటి మొదలయ్యే మాటలు వస్తున్నయి. భాయ్‌ను అడిగిన. అవి వార్నింగులు, అత్తగారి మాటల లెక్క, ఇని ఊకోవాలె, ఎర్ర రంగుల ఈ తోటి వస్తే అప్పుడు చెప్పు అన్నడు. నేను కూడ ఒక ఇంటి అత్తనే అని గుర్తుచేసిన. తోబా, తోబా అన్నడు.

ఎర్రది రాలే. ఉరికి ఉరికి ఆగింది. పెట్టె గడగడ ఆగి గమ్మున ఉన్నది. భాయ్ ఇంకేదో కొట్టి సదువమన్నడు. "ఎస్, వై, ఎన్, టి, ఏ, ఎక్స్. జాగ. ఓ, కె." ఓకే అంటే నాకు కూడ తెలుసు. ఇద్దరం ఒక్కసారే చెయ్యెత్తి కొట్టుకున్నం. ఆయన గురి చూడక నా ముక్కుకు తగిలిచ్చిండు.

సర్వర్ తెరిచిండు. అప్పటికి రెండూ నలభై.

నేను లేచి మరదలి చీటీలు చూపెట్టుమన్న. భాయ్ చూసే జాగ చెప్పిండు, చూసిన, ఒక్కటి లేదు. నెల మొత్తం ఒక్కటి లేదు. నాకు కోపమొచ్చింది, పంపకుంటనే నన్ను అంటదా అని. ఫోన్ తీసిన. నా తలకాయ మాట అప్పుడు ఇంటే మగ్గం హోటల్ల ఉండేది.

భాయ్ జర ఆగమన్నడు. ఒక్క పని మిగిలింది, కావలి కొత్తగ లేచింది కద, పని చేస్తున్నదా లేదా దాని చిట్టాల చూసి పో అన్నడు. ఎవల్ని పట్టుకుంటే వాళ్ల మాటను ఆ చిట్టాల రాసిపెడతదట. పాతయి కూడ అందులనే ఉంటయట. కింది నుంచి నాలుగు వరసలు సదువమన్నడు. నేను తొందరల ఉన్న, ఏదో ఒకటని మొదలుపెట్టిన.

"ఎక్స్, ఈ, సున్నా. ఎక్స్, బి, సున్నా. మళ్ల ఎక్స్, ఈ, సున్నా. మళ్ల ఎక్స్, బి, సున్నా. ఏంది భాయ్ ఇది, నత్తి పట్టిందా దీనికి?"

"అది నీ తెలుగు అక్కా. తెలుగు అక్షరం ఒక్కోటి ఈ పెట్టెకు అట్ల కనవడతది. దాటెయ్, తర్వాత ఏమున్నది?"

మా తెలుగు గింత ఘోరంగ కనవడతదా అనుకొని, దాటేసి, తర్వాతది సదివిన. "కొక్కెం. అడ్డగీత, అడ్డగీత. కొక్కెం. అడ్డగీత, అడ్డగీత. నక్షత్రం. అడ్డగీత, అడ్డగీత. కొక్కెం..."

నా నోరు సదువుతుంది, నా చెయ్యి లేచింది. లేచి గాలిల పోగులు ఎత్తుతుంది. రెండు ఎత్తు, ఒకటి ఇడువు, రెండు ఎత్తు, రంగు మార్చు. అది భామ నెత్తి మీది కుండ అంచు. ఆ కుండ మూతి కాడ మేమందరం రెండేసి ఎత్తుతం, ఒక్క మరదలు మాత్రం చివరికి ఇంకో కొక్కెం పెట్టి ఒకటి ఇడుస్తది, కుండ మూతి కొంచెం వంకరగ, నీళ్లు తొణికినట్టు వస్తది. కొత్తల్ల నేను కొట్టి కూడ చెప్పిన, అట్ల చెయ్యొద్దని. మానలే. స్క్రీన్ మీద ఆ చివరి కొక్కెం ఉన్నది.

"భాయ్, గిది మా మరదలే."

ఆయన మెడ తిప్పి స్క్రీన్ దిక్కు చూడబోయిండు. నేను అద్దాల మీద చెయ్యి అడ్డం పెట్టిన. పై వరస సదివిన, ఆమెనే. దాని పై వరస, ఆమెనే. నెల రోజుల చీటీలు అన్నీ ఆ చిట్టాల వరసగ కూసున్నయి, దొంగలను కట్టేసి కూసోబెట్టినట్టు.

 భాయ్ అప్పుడు సంగతి చెప్పిండు. లోపటి లెక్కల పుస్తకాలను దోచేటోళ్లు సరిగ్గ ఇట్లనే పంపుతరట, ఒక కొక్కెం, దాని ఎనుక రెండు అడ్డగీతలు. అది చూస్తే చాలు, కావలి ఎనుకా ముందు ఆలోచన చెయ్యది, గల్లా పట్టి బయటికి తోస్తది. తోసి, తెల్ల పేజీ మీద ఇంగ్లీషుల పో అవతలికి అన్న మాట చూపెడతది. చీటీ అందితే వచ్చేది కూడ తెల్ల పేజీనే, అదీ ఇంగ్లీషే. చదువ రాని మనిషికి రెండూ ఒక్కటే. మరదలు ఆ తెల్ల పేజీ చూసి, అందిందనుకొని, పడుగు తోడి, నూలుకోసం గడప దిక్కు చూసింది.

మా నాయిన గోడ మీద గీసిన గీతలు దొంగల తాళంచెవి లెక్క ఉన్నయని ఆయనకు తెలిస్తే ఏమనేటోడో. నాకైతే నవ్వు, ఏడుపు రెండూ ఒకటేసారి వచ్చినయి. మాలో మిగిలిన ఐదుగురివీ ఆగలే. అక్షరాలల్ల రాపిచ్చింది నేనే కద. ఆ పాత గీతలు ఆమెకు నేర్పిందీ నేనే, ఆమెను వాటి కాడనే వదిలేసి ముంగటికి పోయిందీ నేనే.

తీసెయ్యి ఆ కావలిని, ఇప్పుడే పీకెయ్యి అన్న. మూడయింది టైము. భాయ్ వద్దన్నడు. నేను గట్టిగ అడిగిన. ఆయన నాకన్నా గట్టిగ చెప్పిండు.

"నీ ఒక్క దర్వాజకోసం బజారంత తాళాలు తియ్యను అక్కా. పది నిమిషాలు ఇయ్యి."

మొండిమనిషి. కానీ ఒప్పుకోవాలె, ఆయనదే సరి. ఆ పెట్టెల మా చీరలొక్కటే లేవు. కావలికి ఒక కొత్త నియమం రాయాలెనన్నడు. ఫలానా పేజీల, ఫలానా గడిల, మగ్గం లెక్క రాసే గడిల మాత్రం, గీతలు కొక్కేలు వస్తే తోసెయ్యొద్దు. మిగిలిన కాడ ఎప్పటి లెక్కనే ఉండాలె. ఆ గడిల కూడ గీతలు, కొక్కేలు, నక్షత్రాలు, తెలుగు అక్షరాలు తప్ప ఇంకేది వచ్చినా తొయ్యాలె. మీ గుర్తులు ఎన్ని రకాలో చెప్పు అన్నడు. నేను ఏళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన. మూడే. మా ఇంటి గోడ మొత్తం మూడు గుర్తులల్ల అయిపోయింది. ఆయన కొడుతుంటే నేను సదివిన, రెండు కాడ తప్పు పట్టిన, ఒక కాడ ఆయన కరెక్టు, నేను తప్పు. మళ్ల ఆ పరీక్ష, మళ్ల ఓ, కె.

మరదలికి ఫోన్ చేసిన. ఎత్తలే. మళ్ల చేసిన. ఎత్తలే. నాలుగోసారి ఎత్తింది. ఎనుక ఎవలో "ఆ మేకు తియ్యన్నా" అంటున్నరు. ట్రాలీ ఆటోవోళ్లు ముందే వచ్చిన్రు. మగ్గం ఇప్పుతున్నరు.

ఎట్ల మొదలుపెట్టాలో నాకు తెల్వలే. మెత్తగ మాట్లాడుడు నాకు అలవాటు లేదు. నీ చీటీలన్ని దొరికినయే అన్న. యాడ అన్నది. కావలోడు దాచిపెట్టుకున్నడన్న. పెట్టెల ఒక కావలి ఉంటది, నీ గీతలు చూసి నిన్ను దొంగ అనుకున్నది, నెల రోజులసంది నిన్ను ఒక్కదాన్నే పట్టుకుంట వచ్చిందని చెప్పిన. భాయ్ పక్క నుంచి, దొంగ కాదు, పెద్ద దొంగ అని చెప్పు, ఇంత సాఫుగ గీసే దొంగను అది ఎన్నడూ చూడలే అన్నడు.

 నేను అప్పుడు అనాల్సిన మాట అన్న. ఆ మాట అనుడు నాకు అక్షరాలు నేర్చుకున్నదానికన్నా కష్టమైంది.

"నీ గీతలు నాకు ఆనక కాదు మరదలా. నేను చూడలే. తప్పు నాదే. ఇప్పుడు ఒక్కటి పంపు, నేను గీడనే కూసున్న, చూస్త."

"ఏ చీరకు?"

"నీకు ఇష్టమున్న చీరకు."

ఫోన్ పెట్టేసింది. భాయ్, భాభీ, నేను ముగ్గురం స్క్రీన్ కాడ. భాయ్ స్క్రీన్‌కు వీపు పెట్టి, నన్ను మాత్రం తొలుస్తుండు, వచ్చిందా, వచ్చిందా అని. రాలే. భాభీ దువా చదువుతుంది. నేను ఆ తెల్లటి గడి దిక్కు ఎంతసేపు చూసిన్నో తెల్వదు. అప్పుడు ఒక వరస పడ్డది. చంద్లాపూర్. కొక్కెం, అడ్డగీత, అడ్డగీత. చీటీ లోపటికొచ్చింది. దాని కింద ఇంకోటి పడ్డది. దాని కింద ఇంకోటి. పేజీల ఉన్న తొమ్మిది చీరలకు తొమ్మిది చీటీలు పంపింది ఆ మనిషి, వేరేటోళ్లు ఒప్పుకున్నవాటికి కూడ. భాభీ నన్ను పట్టుకొని ఊపింది. భాయ్ చిట్టా సదువమన్నడు, కావలి ఎవల్నన్న పట్టుకున్నదా అని. ఎవల్నీ పట్టలే.

నూలు మూట ఇంటికెళ్లి తెచ్చుకొని, ఆటో మాట్లాడుకొని చంద్లాపూర్ పోయిన. పోయే వరకు నాలుగున్నర. వాకిట్ల ట్రాలీ ఆటో ఉన్నది, ఖాళీగ. లోపట ఇద్దరు మొగోళ్లు చెమటలు కారుకుంట మగ్గం దూలం ఎత్తి పట్టుకొని ఉన్నరు. ఇప్పింది వాళ్లేనట. ఇప్పినోళ్లే ఎక్కియ్యాలెనని మరదలు గడపకు అడ్డం కూసున్నది. అమ్మా, మాకు హోటల్ కాడ ఇంకా పని ఉన్నదని వాళ్లు బతిలాడుతున్నరు. ఇప్పేటప్పుడు లేదా పని అని ఆమె అంటున్నది. హోటలాయన ఫోన్ చేస్తే, బొమ్మకు కావాల్నంటే మా వదినెను పంపిస్త, నిలవెట్టుకో, మగ్గం కన్నా పాతది అని చెప్పిందట. అది ఆ డ్రైవర్ నాకు చెప్పి మరీ నవ్విండు.

నన్ను చూసి మరదలు లేవలే. మూట దిక్కు చూసింది.

"ఏ రంగు తెచ్చినవు?"

మూడు రంగులు తెచ్చిన, నీకు ఏది కావాల్నో తెల్వక అన్న. మూట ఇప్పి, ఆకుపచ్చది ఎలుతుర్ల పట్టుకొని చూసి, ఇది మంచిగున్నదన్నది. అది ఆమె నోట్లకెళ్లి వచ్చే పెద్ద మెచ్చుకోలు. తొమ్మిది చీరలు ఒక్కదానివే ఎట్ల నేస్తవే అని అడిగిన. నెల రోజుల ఆకలి అన్నది. రెండు ఒప్పుకున్నది చివరికి, మిగిలిన ఏడు నేను బతిలాడి బతిలాడి ఇడిపిచ్చిన.

ఆ ఇద్దరు దూలం ఎక్కిచ్చి, మేకులు కొట్టి, పోతమమ్మా అన్నరు. మరదలు గుంతలకు దిగి కూసున్నది. తొక్కుడు పలక మీద కాలేసి ఒకసారి తొక్కింది. కుడి దిక్కు కిర్రుమన్నది. అన్నా, కుడి దిక్కు తాడు వదులుగున్నది, ఇంకోసారి కట్టు అన్నది. ఆయన తిరిగొచ్చి మోకాళ్ల మీద కూసొని కట్టిండు. ఆమె మళ్ల తొక్కింది. నేను పక్కన కూసొని ఆకుపచ్చ నూలు కండెలకు చుట్టుడు మొదలుపెట్టిన.